మెటొనిమీ, సినెక్డకీ దగ్గర ఆగిపోయా... తలో చేయి వేయండి

గోదారి గట్టు
అందరికీ నమస్తే. బీఈడీ అయి మూడేళ్లయింది. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కి చదువుతున్నా. గ్రామర్ పర్లేదు, మెథడాలజీ పర్లేదు. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ (ఇంగ్లిష్ అలంకారాలు) దగ్గరికి వచ్చేసరికి బుర్ర మొరాయిస్తోంది. నలభై డెఫినిషన్లు బట్టీ పట్టా. రాత్రి అడిగితే గడగడా అప్పజెప్తా. తెల్లారి మోడల్ టెస్టులో ఒక లైన్ ఇచ్చి ఇదేమిటంటే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి.

నిన్న షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లో ఆంటొనీ మాట ఇచ్చారు, "లెండ్ మీ యువర్ ఇయర్స్" (మీ చెవులు నాకు అప్పివ్వండి). నేను మెటొనిమీ పెట్టా. కీలో సినెక్డకీ. ఎందుకు సార్ అంటే "కీ అదే, రాసుకోండి" అన్నారు. రాసుకున్నా. అర్థం మాత్రం కాలేదు. ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పినట్టు ఎవరైనా చెప్తారా?

పాత సుద్దముక్క
అమ్మాయ్, జవాబు నీ టైటిల్లోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు. "తలో చేయి వేయండి" అన్నావు. నీకు మా తలలు, చేతులు కావాలా, మనుషులం కావాలా? తల అంటే ఇక్కడ మనిషి. మనిషి ఒంట్లో ఒక భాగం చెప్పి మొత్తం మనిషిని పిలిచావు. అదే సినెక్డకీ. "ఇంట్లో ఆరు నోళ్లున్నాయి, సంపాదన ఒక్కడిది" అంటాం, అదీ అంతే. ఇది తిరగేసి కూడా జరుగుతుంది. "ఇండియా గెలిచింది" అంటే దేశమంతా బ్యాటు పట్టలేదు, పదకొండు మందే ఆడారు. మొత్తం పేరు చెప్పి భాగాన్ని ఉద్దేశించాం.

ఇప్పుడు "సందులోకి ఖాకీలు దిగాయి" అన్నామనుకో. ఖాకీ పోలీసు ఒంట్లో భాగం కాదు, ఒంటి మీద బట్ట. "కుర్చీ కోసం కొట్లాట", "ఢిల్లీ ఒప్పుకోలేదు". కుర్చీ అధికారంలో ముక్క కాదు, పక్కన ఉండే వస్తువు. అలా పక్కనున్న దాని పేరు పెట్టి పిలిస్తే మెటొనిమీ. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో నేను పిల్లల్ని అడిగింది ఒకే ప్రశ్న: అది దానిలో ముక్కా, దాని పక్కదా?

ఆంటొనీ సంగతికి వద్దాం. చెవి మనిషిలో భాగమే కాబట్టి సినెక్డకీ అని కీ రాసినాయన అనుకుని ఉంటాడు. కానీ ఆయన ఇక్కడ చెవి చెప్పి మనిషిని అడగలేదు, వినడాన్ని అడిగాడు. కాసేపు మీ ధ్యాస నాకివ్వండి అని. చెవికీ వినడానికీ ఉన్నది భాగం, మొత్తం సంబంధం కాదు, పనిముట్టు, పని సంబంధం. నా లెక్కలో నీ జవాబే కరెక్టు.

మూడోసారి నెట్
మాస్టారితో ఏకీభవిస్తా, కానీ ఒక మాట. చాలా పుస్తకాల్లో సినెక్డకీని మెటొనిమీలోనే ఒక రకంగా చూపిస్తారు. అందుకే ఇలాంటి లైన్లలో కీలు ఊగుతుంటాయి. అసలు పరీక్షలో ప్రిలిమినరీ కీ వచ్చాక అభ్యంతరాలకు టైమ్ ఇస్తారు, అప్పుడు చూసుకోవచ్చు. కోచింగ్ కీతో పోట్లాడి టెన్షన్ పడకండి.

ఇంకోటి. ఇంటర్వ్యూలోనో డెమోలోనో "సినెక్‌డోచ్" అనకండి. సి-నెక్-డ-కీ. అలాగే "హైపర్‌బోల్" కాదు, హై-పర్-బ-లీ. నేనొకసారి ఒక ప్రైవేటు స్కూల్ డెమోలో హైపర్‌బోల్ అని అనేశా. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనలేదు, పెన్ను మూత పెట్టేశారంతే.

కందపద్యం
నేను తెలుగు పండితురాలిని, మీ గదిలోకి అడక్కుండా వచ్చినందుకు క్షమించాలి. మాస్టారు చెప్పింది మా వాళ్లకి లక్షణ. "గంగాయాం ఘోషః" అని ఒక పాత ఉదాహరణ ఉంది. గంగలో గొల్లపల్లె ఉందని మాట. నీళ్లలో పల్లె ఉండదు కదా, ఆ అర్థం అక్కడే అడ్డుపడుతుంది. దాన్ని ముఖ్యార్థ బాధ అంటారు. అప్పుడు గంగ అంటే గంగ ఒడ్డు అని తెలుసుకుంటాం, ఒడ్డు గంగ పక్కనే ఉంది కాబట్టి. గోదారి గట్టు గారూ, లైన్ చూడగానే డెఫినిషన్ల చిట్టా విప్పకండి. ముందు అర్థం ఎక్కడ అడ్డుపడింది, రెండోది దేన్ని పట్టుకుని దాటాం అని చూడండి. పోలిక పట్టుకుని దాటితే మెటఫర్, పొరుగు పట్టుకుని దాటితే మెటొనిమీ.

సిమిలీకి మనం ఇంటర్లోనే నాలుగు ముక్కలు చదివాం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఆయన 1936లో మెటఫర్‌ని విడగొట్టి టెనర్, వెహికల్ అని పేర్లు పెట్టాడని మా వారి పుస్తకంలో చూశా (ఆయన ఇంగ్లిష్ లెక్చరర్). టెనర్ అంటే ఉపమేయం, వెహికల్ అంటే ఉపమానం, రెంటినీ కలిపే గ్రౌండ్ మన సమానధర్మం. ఇంట్లో ఈ విషయం మీద నేను ఇంకా గెలుస్తూనే ఉన్నా.

గోదారి గట్టు
మాస్టారూ, మేడమ్, నాకు ఏడుపొకటే తక్కువ. మూడేళ్లు చదివింది పది నిమిషాల్లో తేలింది. మరైతే అన్నిటికీ ఇలా అలంకారాలు పక్కన పెట్టుకుని చదివేయొచ్చా? ఉపమ సిమిలీ, రూపకం మెటఫర్, అతిశయోక్తి హైపర్‌బలీ, అనుప్రాస అలిటరేషన్, గురు లఘువులు మీటర్?

మూడోసారి నెట్
ఆగండి ఆగండి. సరిగ్గా ఇక్కడే నేను నెట్‌లో (లెక్చరర్ల అర్హత పరీక్ష) రెండుసార్లు పోయాను.

అలిటరేషన్ అంటే దగ్గర దగ్గర మాటల మొదట్లో, లేదా ఊనిక (స్ట్రెస్) పడే చోట, ఒకే హల్లు ధ్వని మళ్లీ రావడం. మన వృత్త్యనుప్రాసలో హల్లు మాట మధ్యలో వచ్చినా చివర్లో వచ్చినా లెక్కే. మధ్యలో, చివర్లో వచ్చేదాన్ని వాళ్లు మామూలుగా కాన్సొనెన్స్ అంటారు. ఒకే అచ్చు తిరిగి వస్తే అసొనెన్స్. కాబట్టి అనుప్రాస అనే ఒక్క బుట్టలో వాళ్ల రెండు పేర్లు పడతాయి.

మీటర్ సంగతి మరీ ఘోరం. ఐయాంబిక్ పెంటామీటర్ అంటే తేలిక సిలబుల్, బరువు సిలబుల్ జంటలు ఐదు. అది చూసి లఘువు, గురువు, ఐదు సార్లు అని రాసుకున్నా. ఇప్పుడు చూడండి. షేక్‌స్పియర్ 18వ సానెట్ మొదటి లైన్, "షల్ ఐ కంపేర్ దీ టు అ సమ్మర్స్ డే". సమ్మర్ తీసుకోండి. మన లెక్కలో 'స' తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి గురువు. 'మ్మర్' పొల్లుతో ఉంది కాబట్టి అదీ గురువు. కంపేర్ కూడా అంతే, సున్నా ఒకటి, దీర్ఘం ఒకటి, రెండూ గురువులే. ఇంగ్లిష్‌లో మాత్రం సమ్మర్‌లో మొదటిది బరువు, రెండోది తేలిక. కంపేర్‌లో మొదటిది తేలిక, రెండోది బరువు. మనది పలకడానికి పట్టే కాలం లెక్క, వాళ్లది గొంతు ఎక్కడ ఊనుతుందన్న లెక్క. యమాతారాజభానసలగం తీసుకెళ్లి అక్కడ పెడితే లైన్ దాదాపు మొత్తం గురువులతో నిండిపోతుంది.

పాత సుద్దముక్క
బాగా చెప్పావు నాయనా. ఇది క్లాసులో చెప్పేటప్పుడు గుర్తులు పెట్టించకండి, బల్ల మీద కొట్టించండి. త-ధీం, త-ధీం, త-ధీం, త-ధీం, త-ధీం. షల్-ఐ, కం-పేర్, దీ-టు, అ-సమ్, మర్స్-డే. అందులో 'టు' మీద అంత బరువు పడదు, చదువుతుంటే మీకే తెలుస్తుంది. పడనివ్వకండి కూడా. అన్ని ధీంలూ సమానంగా కొడితే అది కవిత్వం కాదు, వడ్రంగం.

దానికన్నా ముందు ఊనిక చెవికి పట్టాలి. రికార్డ్ అనే మాట ఇవ్వండి. వస్తువైతే రె మీద ఊనిక, పనైతే కార్డ్ మీద. ప్రెజెంట్, ఆబ్జెక్ట్, ప్రొటెస్ట్ అన్నీ అలాగే. ఒక పూట దీనికి పెడితే మీటర్ ఒక పూటలో వస్తుంది.

బ్లాంక్ వర్స్ వేరు, ఫ్రీ వర్స్ వేరు. బ్లాంక్ వర్స్‌కి ఐయాంబిక్ పెంటామీటర్ ఉంటుంది, అంత్యప్రాస ఉండదు. ఫ్రీ వర్స్‌కి కట్టుబడి ఉండాల్సిన మీటరూ లేదు, ప్రాసా లేదు. ఏటా పది మందిలో ఆరుగురు ఇది తారుమారు చేసేవాళ్లు.

చదివి పోయేవాణ్ని
ఎప్పుడూ చదివి వెళ్లిపోతా, ఈసారి ఆగా. రైమ్, అలిటరేషన్‌కి నేను వాడే చిట్కా: లైన్‌ని తెలుగు లిపిలో రాసేయడం. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కంటిని మోసం చేస్తుంది. లవ్, ప్రూవ్ రెండూ ఇంగ్లిష్‌లో రాస్తే చివర అక్షరాలు ఒకటే, తెలుగులో రాయగానే గుట్టు బయటపడుతుంది. కమ్, హోమ్ కూడా అంతే. వాటినే ఐ రైమ్ (కంటికి మాత్రమే ప్రాస) అంటారు. సిటీ, క్యాట్ రెండూ 'సీ' అక్షరంతో మొదలవుతాయి, కానీ అలిటరేషన్ కాదు. ఫోన్, ఫిష్ వేరే అక్షరాలతో మొదలవుతాయి, కానీ అవును.

ఓరుగల్లు పిల్ల
చిట్కా బాగుందన్నా, కానీ ఒక చోట తంతుంది. "వెరీ వెల్" తెలుగులో రాస్తే రెండూ 'వె'నే, ఇంగ్లిష్‌లో వేర్వేరు ధ్వనులు. జీబ్రా, జగ్ కూడా మనకు రెండూ జ. వ దగ్గర పెదవులు, జ దగ్గర నాలుక చూసుకోవాలి, రాత చూసుకుంటే లాభం లేదు.

నా వంతు ఇదిగో. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఆమె మాటల్లోంచి నేను సగం సిలబస్ తీసుకున్నా.

"వాడు తక్కువోడేం కాదు." ఇది లిటోటీస్. కాదు అంటూనే అవునని గట్టిగా చెప్పడం. నాట్ బ్యాడ్ అనేది గుర్తుండదు గానీ ఇది జన్మలో మర్చిపోను.

"కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్." హైపర్‌బలీ.

"నేను చెప్పకూడదు గానీ, పక్కింటి వాళ్ల కోడలు..." అని మొదలుపెట్టి గంట చెప్తది. చెప్పను అంటూ చెప్పేదానికి పేరలిప్సిస్ అని పేరుందని తెలిసిన రోజు నేను పుస్తకం మూసేసి నవ్వుకున్నా.

"దీపం కొండెక్కింది", "తాత కాలం చేసిండు." యూఫమిజం. ఇందులో మనల్ని మించిన వాళ్లు లేరేమో. బియ్యం అయిపోతే అయిపోయాయి అనం, "నిండుకున్నయ్" అంటాం. డబ్బాలో గింజ లేదు, మాట చూస్తే నిండుగా ఉంది.

గోదారి గట్టు
నిండుకున్నాయి!! పొద్దున్నే మా వంటింట్లో విన్న మాట. మరి ఇది యూఫమిజమా, ఐరనీనా? ఉన్నదానికి సరిగ్గా వ్యతిరేకం అంటున్నాం కదా.

కందపద్యం
యూఫమిజమే. ఐరనీలో మాట్లాడేవాడికి లోపల ఒక పోటు ఉంటుంది. "అబ్బో, ఉద్ధరించావులే" అంటే పొగడ్త వేషంలో తిట్టు. దాన్ని మా వాళ్లు వ్యాజస్తుతి అంటారు. బియ్యం డబ్బా మీద ఎవరికీ కోపం లేదు. లేదు అనే మాట ఇంట్లో వినపడకూడదన్న భయం, అంతే.

గోదారి గట్టు
డ్రమటిక్ ఐరనీ మరి? డెఫినిషన్ తెలుసు. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలియడం. పిల్లలకి ఈడిపస్ (తెలియక తండ్రినే చంపిన గ్రీకు నాటకంలో రాజు) కథ చెప్తే అరగంట పోతోంది.

పాత సుద్దముక్క
ఈడిపస్ ఎందుకు, 'మాయాబజార్' ఉంది కదా. 1957 నాటిది, ఈనాటి పిల్లలకీ తెలుసు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడికి తెలియదు. అతను ముచ్చటపడే కొద్దీ హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వే డ్రమటిక్ ఐరనీ. ఈడిపస్‌లో అదే ఏర్పాటు, నవ్వు స్థానంలో గుండె బరువెక్కుతుంది. ఇంతవరకు చెప్పి అప్పుడు గ్రీకుల దగ్గరికి వెళ్లు. అరగంట పట్టదు.

ఎడిసన్ తెలుగోడు
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నా. మా దగ్గర ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ అని ఒక పరీక్ష ఉంది. (ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. మా నాన్నకి ఇప్పటికీ చెప్తూనే ఉన్నా.) అందులో మూడు వ్యాసాల్లో ఒకటి రెటరికల్ అనాలిసిస్, అంటే మాటలతో ఎలా ఒప్పించారో విడదీసి చూపడం. పిల్లవాడు "ఇక్కడ మెటఫర్ ఉంది" అని రాస్తే మార్కు రాదు. ఆ మెటఫర్ వినేవాళ్లని ఏం చేసిందో రాస్తేనే మార్కు. అందుకే మీ ఆంటొనీనే మళ్లీ పట్టుకుంటా, ఎందుకంటే అరిస్టాటిల్ చెప్పిన ఈథోస్ (చెప్పేవాడి మీద నమ్మకం), పేథోస్ (వినేవాళ్ల ఉద్వేగం), లోగోస్ (తర్కం) మూడూ మూడో అంకం రెండో రంగంలో వరసగా దొరుకుతాయి.

సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ ముందు మాట్లాడతాడు, వచనంలో. నా పరువు చూసి నమ్మండి, సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపా అంటాడు. జనం జేజేలు కొడతారు. తర్వాత సీజర్ స్నేహితుడు ఆంటొనీ వస్తాడు, పద్యంలో. అతని చేతిలో అధికారం లేదు, బ్రూటస్ దయతలిస్తే మాట్లాడుతున్నాడు. కాబట్టి మొదట తనను తాను తగ్గించుకుంటాడు. నేను బ్రూటస్‌లా వక్తను కాను, మొరటువాణ్ని అని తర్వాత పైకే అంటాడు. అది ఈథోస్, జనంలో ఒకడిగా నిలబడటం. సీజర్‌కి ఆశ ఉందన్నారు కదా, మరి కిరీటం మూడుసార్లు ఇస్తే మూడుసార్లు వద్దన్నాడే, అది ఆశా? ఇది లోగోస్. అక్కడ గొంతు పట్టేసి, నా గుండె ఆ శవపేటికలో ఉంది, కాస్త ఆగనివ్వండి అంటాడు. పేథోస్. ఆ ఆగిన కాస్సేపట్లో జనం తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఆ నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. వాదన అతను ఆపాడు, జనం కొనసాగించారు.

ఓరుగల్లు పిల్ల గారి అమ్మగారి పద్ధతి కూడా ఉంది. సీజర్ వీలునామా ఉంది గానీ చదవను, చదివితే మీరు తట్టుకోలేరు, మీరే వారసులని మీకు తెలియకపోవడమే మంచిది అంటాడు. అంటే చెప్పేశాడు కదా! చివరికి జనమే చదవమని అరుస్తారు. అందులో మనిషికి 75 డ్రాక్మాలు (నాణేలు) రాసి ఉంటాయి.

ఇక "బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్". మొదటిసారి అన్నప్పుడు మర్యాద. రెండోసారి అనుమానం. ఆ తర్వాత తిట్టు. మాట మారలేదు, చుట్టూ పెట్టిన సాక్ష్యం మారింది. మా క్లాసులో ఆ వాక్యాన్ని ఒక్కో పిల్లవాడితో ఒక్కో గొంతులో చదివిస్తా. వర్బల్ ఐరనీ డెఫినిషన్ బోర్డు మీద రాయాల్సిన పని ఇంతవరకు రాలేదు.

మూడోసారి నెట్
అద్భుతం. దీనికి చిన్న తోక. వాక్యాల మొదట్లో ఒకే మాట తిరిగి వస్తే అనాఫరా, 1963లో మార్టిన్ లూథర్ కింగ్ "ఐ హావ్ ఎ డ్రీమ్" లాగా. చివర్లో వస్తే ఎపిస్ట్రఫీ. లింగ్విస్టిక్స్ పేపర్లో అనాఫరా అంటే వేరే, ముందు చెప్పిన పేరుకి బదులు వచ్చే సర్వనామం లాంటిది. ప్రశ్న ఏ యూనిట్ నుంచి వచ్చిందో చూసుకోండి.

ఓరుగల్లు పిల్ల
ఇలాంటి జంట పేరే అపాస్ట్రఫీ. ఎదురుగా లేనివాళ్లనో, ప్రాణం లేనిదాన్నో పిలిచి మాట్లాడటం. మా బ్యాచ్‌లో ఒకాయన "కామా పైన పెట్టేది" అని రెండు మార్కుల జవాబు రాసిండు.

కందపద్యం
శతకాలు గుర్తుపెట్టుకోండి. "దాశరథీ కరుణాపయోనిధీ" అని ప్రతి పద్యం చివర రాముణ్ని పిలవడం అపాస్ట్రఫీ. ప్రతిసారీ అదే మాట రావడం రిఫ్రెయిన్, మన మకుటం. ఒక్క దెబ్బకి రెండు. ఆ "ఒక్క దెబ్బ" ఏమిటో మళ్లీ అడక్కండి.

గోదారి గట్టు
వారం తర్వాత వస్తున్నా. నిన్న ఊళ్లోనే ఒక స్కూల్లో డెమో ఇచ్చా, తొమ్మిదో తరగతి. టాపిక్ వాళ్లే ఇచ్చారు, ఇంగ్లిష్ కవి గ్రే రాసిన 'ఎలిజీ' (విషాద గీతం) మొదటి పద్యం. "ద ప్లౌమన్ హోంవర్డ్ ప్లాడ్స్ హిజ్ వియరీ వే." (రైతు అలసిన దారిన కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్తున్నాడు.) 1751 నాటి పద్యం, మా పిల్లలకేం పడుతుందిలే అనుకున్నా. బల్ల మీద త-ధీం కొట్టించా. వెనక బెంచీ వాళ్లు మరీ ఉత్సాహంగా కొట్టారు, పక్క క్లాసు టీచర్ వచ్చి చూసి వెళ్లారు.

తర్వాత అడిగా, అలసిపోయింది ఎవరు, దారా, రైతా? రైతే అన్నారు. మరి అలసట దారికి ఎందుకు తగిలించాడు? ఎవరూ మాట్లాడలేదు. ఒక అమ్మాయి లేచి "మేడమ్, మా నాన్న కూడా అంటాడు, ఆకలి అన్నం పెట్టమని. ఆకలి నాన్నది కదా" అంది. ఆ మాటలో ఎక్కడో తేడా ఉందని తెలుస్తోంది, కానీ ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్ అనే పేరు చెప్పేటప్పటికి సగం పని ఆ పిల్లే చేసేసింది. "నిద్రలేని రాత్రి" ఉదాహరణ నేను ఇచ్చా. నిద్ర లేనిది రాత్రికి కాదు, మనకి.

అంతా బాగుంది అనుకుంటుండగా కిటికీ పక్క కుర్రాడు, "మేడమ్, కరెంటు పోయింది అంటాం కదా, ఎక్కడికి పోయింది?" అన్నాడు. పర్సానిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చూపడం) అని బోర్డు మీద రాసేశా. రాశాక అనుమానం వచ్చింది. కరెక్టేనా?

పాత సుద్దముక్క
తొందరపడ్డావు. ఒకప్పుడు అది పోలికే అయి ఉండొచ్చు. ఇప్పుడు ఆ మాట అన్నప్పుడు కరెంటు చెప్పులేసుకుని వెళ్తున్నట్టు ఎవరికీ కనపడదు. పోలిక అరిగిపోయి మామూలు మాటైపోయింది. కుర్చీ కాలు, సూది కన్ను అన్నట్టు. వాటిని డెడ్ మెటఫర్ అంటారు.

ఆ కుర్రాడికి మాత్రం కనపడింది చూశావా. వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టు.

గోదారి గట్టు
అయ్యో, ఇంకోటా! నలభై ఒకటి. ఉద్యోగం ఇంకా రాలేదు మాస్టారూ, వస్తే ముందు వాడి బెంచీయే మారుస్తా.